ఐదుకి ఐదు

కోహ్కా, భిలాయి

ప్రేమగల నాన్నకి,

ఆపరేషన్ చేసిన కంటికి కట్టు విప్పారని అన్నయ్య చెప్పాడు. ఇక నా కోడిగీతలు చదువుకోగలవు. నీతో ఫోనులో మాట్లాడాలంటే వీధంతా వినేలా అరవాలి. ఈ సంగతి అలా అరిచి చెప్పేది కాదు. స్టీలు ప్లాంటులో మిల్లు చప్పుడు నీ చెవుల్ని తినేసింది గానీ, నువ్వు పట్టుబట్టి నేర్పిన తెలుగు ఇప్పుడు అక్కరకొచ్చింది. తప్పులుంటే నవ్వుకో.

ప్రభుత్వం, ఇంజనీరింగ్ కాలేజీ కలిసి చేస్తున్న మా పరిశోధన సంగతి నీకు తెలిసిందే. ఏ బస్తీలో ముందు పక్కా కాలువ కట్టాలో జనాన్నే అడిగి తేల్చాలి. ఇంటింటికీ వెళ్లి, మీ కాలువకి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతాం. తక్కువ వచ్చినచోట పని ముందు మొదలవుతుంది. దీన్ని నడిపించే సురేంద్రనాథ్ సార్ మన వీధిని నాకే అప్పగించారు. మీవాళ్లు కొత్తవాళ్ల ముందు నోరు విప్పరు, నీకైతే మనసులో మాట చెప్తారు అన్నారు. నేనూ అదే నమ్మాను.

మన వీధికి ఐదుకి ఐదు వచ్చింది నాన్నా. వానాకాలం వస్తే గ్యాసుబండని మంచం మీదికి ఎక్కించి వండుకునే వీధికి. శ్రీలక్ష్మి అత్త గోడ మీద మోకాలెత్తున బురద చార ఇంకా అలాగే ఉంది. దాని పక్కన కూర్చునే ఆవిడ ఐదు అంది. జనం చెప్పిందే రాయాలి, మన కంటికి కనపడింది రాయకూడదని మాకు రూలు. అలాగే రాశాను. నిన్న కాలువలు కట్టే వరస జాబితా వచ్చింది. మన వీధి అట్టడుగున ఉంది. ఇక్కడి ప్రజలు సంతృప్తిగా ఉన్నారని సార్ రిపోర్టులో రాసేశారు. ఇంకెన్నాళ్లు ఆ నీళ్లు ఇళ్లలోంచి తోడిపోసుకోవాలో తెలియదు.

ఉండబట్టలేక అత్త దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే టీ గ్లాసు చేతిలో పెట్టి, "ఏటమ్మీ, పాసయిపోనావా? మేమందరం నీకు ఐదుకి ఐదే ఏసేం గదా" అంది. అది నాకు కాదత్తా, కాలువకి అన్నాను. "కాలువకి మార్కులేటమ్మా" అని నవ్వింది.

ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది. బ్యాంకు పరీక్షలు రాసి రాసి తప్పానని వీధి మొత్తానికి తెలుసు. పాపం ఈసారైనా గట్టెక్కనీ అని ఇంటింటా జాలిపడ్డారన్నమాట. నాకు జాలి మార్కులేసి తమ ఇళ్లలోకి నీళ్లు తెచ్చుకున్నారు. అలసిపోయాను నాన్నా. ఎండలో తిరిగిన అలసట అయితే పడుకుంటే పోతుంది. ఇది పోవడం లేదు.

సార్‌కి నిజం చెప్తే, సొంత వీధి కోసం మాట మారుస్తోందంటారు. నేను చేసిన పనంతా చెత్తబుట్టలో పడుతుంది. నా ఉద్యోగం పొడిగించాల్సిందీ ఆయనే. అందుకని నోరు మూసుకోవాలని నిశ్చయించుకున్నాను. నెలాఖరుకి రిపోర్టు మీద సంతకం పెట్టి ఊరుకుంటాను. నన్ను తిట్టకు, అంతే చాలు.

నీ కూతురు,
తనూజ

*

గాజువాక

అమ్మా తనూజా,

నీ ఉత్తరం కొత్త కంటితో మళ్లీ మళ్లీ చదివాను. కోడిగీతలు బాగానే ఉన్నాయి. జాలి అని రాశావే, అది ఒక్కటే తప్పు. వీధిలో ఎవరూ నీ మీద జాలిపడలేదు. ఇంటింటికీ వెళ్లి చెప్పింది నేను.

నేను ఇక్కడికి బయల్దేరే ముందు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు అడగడం నేర్చుకున్నావు, గుర్తుందా? ఐదుకి ఎన్ని నాన్నా అని అరిచావు. కాలువ అన్న మాట నా చెవిన పడనేలేదు. ప్లాంటులో మా సెక్షన్‌కి అప్రెంటిస్ పిల్లలు వస్తే, పాతవాళ్లమే వాళ్లకి మార్కులు వేసేవాళ్లం. పొట్టకొట్టకూడదని ఎవరికీ తక్కువ వేసి ఎరగం. ఇదీ అలాంటిదే, నీ పనికి మార్కులు అడుగుతున్నారని అనుకున్నాను. ఆ సాయంత్రమే వీధంతా తిరిగి, "మా అమ్మాయి వస్తాది, ఐదుకి తగ్గించకండి" అని చెప్పొచ్చాను. నువ్వు మళ్లీ తప్పుతావేమోనని భయపడింది నేనే తల్లీ, వాళ్లు కాదు.

ఆ సంతకం పెట్టకు. మీ సార్‌కి ఈ ఉత్తరం చదివి వినిపించు, తప్పు మా నాన్నదని చెప్పు. ఉద్యోగం పోతే పోనీ అనడం నాకు తేలిక కాదు. అయినా అంటున్నాను. ఈ వారంలోనే రైలెక్కుతున్నాను, దుర్గ్‌లో దిగి నేరుగా ఇంటికొస్తాను. నువ్వు మళ్లీ మొదలుపెట్టు. మొదటి ఇల్లు మనదే. నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, మన కాలువకి ఐదుకి ఎన్ని నాన్నా అని ఎప్పటిలాగే అరిచి అడుగు. సున్నా అని నేనూ అరుస్తాను. వీధంతా వింటుంది.

మీ నాన్న,
ధర్మయ్య