జిగురు ముద్ద మీద వేలిముద్ర

నాన్నా,

ఒకే బల్లకి అటు నువ్వూ ఇటు నేనూ కూర్చుని ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. నోటితో చెబుదామంటే నువ్వు రేడియో గొంతు పెంచేస్తావు. అందుకే రాసి నీ అన్నం డబ్బా మీద పెడుతున్నాను. తినకముందే చదువు, తిన్నాక నీకు కునుకు పడుతుంది.

ఈ నెలలో నాలుగోది తిరిగొచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రాలు, సొంతంగా తయారు చేసుకున్న ఆటలు నడవాలని అడిగితే నేను లోపల చిన్న చిప్ పెట్టి ఇస్తానే, అవే. ఇవాళ వచ్చినావిడ షాపు నిండా మనుషులుండగా దాన్ని నా చెవి దగ్గర ఊపి, "ఏమ్మా, ఇది గేమా, గిలక్కాయా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

విప్పి చూశాను. నేను చిప్ కింద వేసేది పల్చటి రెండువైపుల టేపు. స్పిరిట్‌తో తుడిచి, టేపు వేసి, గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే వెంట్రుకంత సన్నటి తీగలు అతుకుతాను. ఇక్కడేమో చిప్ మొత్తాన్ని కప్పేస్తూ ఇంత జిగురు ముద్ద! అది వెనక మూతకి అంటుకుంది. యంత్రం వేడెక్కినప్పుడల్లా మెత్తబడి చిప్‌ని పైకి లాగింది. చివరికి టేపూ ఊడింది, తీగా తెగింది, ముద్ద మూతని కూడా వదిలేసి చిప్‌తో సహా లోపల దొర్లుతోంది. ఎదురు షాపువాళ్ళ పనేమోనని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను కూడా. తీరా చూస్తే ముద్ద మీద బొటనవేలి ముద్ర, అడ్డంగా గాటు. ఆ గాటు పడ్డ రోజు కట్టు కట్టింది నేనే కదా నాన్నా.

నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి మూతలకి మరలు బిగించి ఉంటే, పాపం సాయం చేస్తున్నావనుకున్నాను. నా వెనకాల నా పనికి కాపలా కాస్తున్నావని ఇప్పుడు తెలిసింది. ఊరంతా నమ్మకపోయినా ఊరుకుంటాను. పని నేర్పినవాడే నమ్మకపోతే ఏం చెయ్యను? పక్క వీధి ఫోన్ల షాపువాళ్ళు ఎప్పటినుంచో పిలుస్తున్నారు. సోమవారం నుంచి అక్కడికే వెళ్తాను.

నీ కూతురు


చిట్టితల్లీ,

తినకముందే చదివాను. ఆ తర్వాత తినలేదు. "మీ ఇద్దరి మధ్య టపా మొయ్యడానికి నాకేమన్నా జీతమిస్తున్నారా?" అని మీ అమ్మ విసుక్కుంటోంది, అయినా ఆవిడ చేతికే ఇస్తున్నాను.

దొంగ దొరికాడు. ముద్ర నాదే. కానీ నీ టేపు మీద అపనమ్మకంతో చేసింది కాదు. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. అక్షరాలు చూస్తే నీకే తెలిసిపోతుంది. ఏడాదిగా నా కుడిచెయ్యి వణుకుతోంది. బాగుచెయ్యమని గడియారాలు ఈమధ్య ఎవరూ నా దగ్గరికి తేవడంలేదని నీతో అన్నది అబద్ధం. వచ్చినవాళ్ళని నేనే తిప్పి పంపేశాను. రేడియో గొంతు పెంచింది నీ మాట వినకూడదని కాదు. నా పట్టకారు బల్లకి తగిలి టకటకలాడుతుంటే నీకు వినపడకూడదని.

పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఖాళీగా కూర్చోవడం నావల్ల కాలేదమ్మా. జిగురు పెట్టడానికి చెయ్యి వణికినా ఫరవాలేదు. మర బిగించేటప్పుడు నొక్కి పట్టుకుంటాను కాబట్టి చెయ్యి నిలుస్తుంది. షాపులోంచి బయటికెళ్ళే వస్తువులో నా చెయ్యి కూడా ఉందని ఆశపడ్డాను. నీ పేరు పాడుచేశాను. ఆ షాపుకే వెళ్ళు. నీది నాదానికంటే సన్నటి పని, అక్కడ ఎవరూ చెడగొట్టరు.

నీ నాన్న


నాన్నా,

నాకు కోపం తగ్గలేదు. ఏడుపూ ఆగలేదు. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎలా ఉంటుందో అమ్మనడుగు.

చెయ్యి వణుకుతోందని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. దానికి బదులు ఏడాదిపాటు నాకు వ్యవసాయ కార్యక్రమం వినిపించావు! టమాటాకి పట్టే తెగుళ్ళన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు. ఎదురు షాపువాళ్ళ వంక చూడాలన్నా సిగ్గుగా ఉంది.

రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అమ్మకి చెప్పేశాను, ఇక నువ్వు తప్పించుకోలేవు. ఫోన్ల షాపుకి రానని కబురు పంపాను. వేడి జిగురు కార్చే నీ గన్ అమ్మకిచ్చేశాను, తెగిన చెప్పులు అతికించుకుంటుందట.

ఇక నా తప్పు కూడా విను. టేపు వేశాక అరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. నాకు ముప్పైకే ఓపిక చచ్చిపోతుంది, మిగతా లెక్క ఎగ్గొట్టేస్తాను. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆ నాలుగు యంత్రాలూ మళ్ళీ చెయ్యాలి. టేపు నేను వేస్తాను, తీగలు నేను అతుకుతాను. నొక్కేది మాత్రం నువ్వు. నొక్కి పట్టుకుంటే నిలుస్తుందని నువ్వే రాశావు. అరవై అంటే అరవై, పైకే లెక్కపెట్టు. నాకు వినపడాలి.

ముందు ఆ రేడియో కట్టెయ్యి.

నీ చిట్టితల్లి