డైలాగు లేని నర్సమ్మ

నల్లమాడ,
శనివారం.

మే రెబెకా,

దేవుని కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఎవరు? నేనూ, మన పొట్టి మేకా. సరే, ఇద్దరం బాగానే ఉన్నాం. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్లో అయితే రెండో మాటకే కసురుకుంటావు, మూడో మాటకు నేను పెట్టేస్తాను. మనకు జాబులే మేలు.

ఈ ఏడు కూడా వాన ముఖం చాటేసింది. శెనక్కాయ చెట్టు పీకితే కాయల కంటే మట్టే ఎక్కువ వస్తోంది. కూలికి పిలిచేవాళ్ళు లేరు. పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను.

సీరియల్ చూస్తున్నావా అని అడిగావు. చూడకేం! సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా మనింట్లోనే. కుట్టు పనికని పోయి, ఆ సీరియల్ వాళ్ళకు నర్సు గుడ్డలు కుడుతూ కుడుతూ చివరికి నువ్వే తొడుక్కుని నిలబడ్డావని వీళ్ళకేం తెలుసు? నువ్వు నిజంగానే ఆ సీరియల్ ఆస్పత్రిలో నర్సువనుకుంటున్నారు. నువ్వు సెలైన్ సీసా పట్టుకుని అట్లా నడిస్తే చాలు, యేసన్న మామ ఎగిరి కూర్చుంటాడు.

"అదో మన రెబెక! డాక్టర్లు ఊరికే ఏడుస్తాండారు గానీ, పని చేసేది ఆ పిల్లొకటే!"

పక్కింటి మారెమ్మత్త అయితే మాత్రలు కొంగున కట్టుకుని వస్తుంది. "ఏమే సువార్తా, ఇది అన్నం తినకముందు మింగాల్నా, తిన్నాకనా? మీ చెల్లెల్ని అడిగి చెప్పు."

"నేను నర్సును కాదని వాళ్ళకు చెప్పినావా లేదా?" అని పోయిన జాబులో గట్టిగా అడిగావు. చెప్పలేదు. మాత్రల సంగతి మందుల అంగడి తిప్పేష్‌ను అడిగే చెబుతున్నాను, భయపడకు. నిజం తెలిస్తే వీళ్ళు మళ్ళీ మన గడప తొక్కుతారా? సీరియల్ అయిపోగానే చాపలు దులిపి లేచిపోతారు. ఆ తర్వాత నా గిన్నె చప్పుడు నాకే వినిపిస్తుంది. ఆ కాసేపు మనుషుల కోసం నోరు మూసుకున్నాను. తిట్టుకుంటే తిట్టుకో.

నీ డైలాగు వచ్చిందా అనీ అడిగావు కదా. "డాక్టర్ గారూ, బీపీ పడిపోతోంది." మొన్న వచ్చింది. కానీ పైన సంగీతం మోత పెట్టేశారు. నీ పెదాలు కదిలాయి, మాట మాత్రం వినపడలేదు.

"ఏమంటాందే పిల్ల?" అంది మారెమ్మత్త.

"'అక్కా, తిన్నావా?' అంటాంది" అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు పోయాక టీవీ వైపు తిరిగి, "ఇంకా లేదు మే" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకు. కొంతకాలంగా కడుపులో నొప్పిగా ఉంటే అనంతపురం పోయి చూపించుకున్నాను. గర్భసంచిలో గడ్డ ఉందట, తీసేయాలట. వచ్చే బేస్తవారం ఆపరేషన్. తోడు మనిషి లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకోం అన్నారు. మారెమ్మత్తను అడగబోతే మాట పూర్తి కానివ్వలేదు.

"నర్సును ఇంట్లో పెట్టుకోని మేమెందుకే నీకు? రెబెక వస్తే ఆ డాక్టర్లే లేసి నిలబడతారు పో!"

యేసన్న మామా అదే మాట. నోరు మూసుకున్నందుకు నాకే చుట్టుకుంది చూడు.

భయంగా ఉంది మే. కత్తికి కాదు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఎవరూ ఉండరేమోనని.

నువ్వు రా. సూది వేయడం రాదని బెంగ వద్దు, వేసేవాళ్ళు అక్కడ ఉంటారు. ఊరికి గుట్టు తెలిస్తే తెలియనీ. సీరియల్లో ఎవరో ఏమో తెలియని పేషెంట్ల పక్కన నిలబడతావే, అట్లా నా పక్కన నిలబడు. డైలాగు అక్కరలేదు. అయినా ఏదో ఒకటి అనాలనిపిస్తే, తిన్నావా అని అడుగు. ఆ పూట నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వరులే. అయినా అడుగు.

ఇట్లు,
నీ కసుర్లకు అలవాటుపడిన
అక్క సువార్త