మూతేసిన బిర్యానీ

ఏప్రిల్ 12, ఆదివారం

చర్చి పండగ. పొద్దున్నుంచి నిలబడే ఉండా. కాళ్లు పీకుతాండాయి.

వంట మస్తానన్న మధ్యాన్నానికల్లా కోడి బిర్యానీ దించినాడు. వడ్డిద్దామంటే మా ప్రకాశం బావ — అత్త పెద్దకొడుకు, చర్చి సంఘపెద్ద కదా — "పార్టీ నాయకుడు వస్తాండాడు, ఆయన కంటే ముందు ఎట్ల పెడతాము?"

మస్తానన్న రెండుసార్లు అడిగినాడు. "ఈ ఎండకు పాడయితాదప్పా..."

"నీ పని వండేది. అంతే."

నాయకుడు నాలుగు దాటినాక వచ్చినాడు. ఫొటోలు. ఒక్క ముద్ద ముట్టలేదు — షుగరంట! మజ్జిగ తాగి పోయినాడు. అప్పుడు బావ బిర్యానీ డేగిసాలు పైపైన వేడి చేయించి జనాలకు పెట్టించినాడు. నాకు తినబుద్ధి కాలేదు. అత్త ఇష్టంగా తినింది.

ఏప్రిల్ 13

తెల్లారకముందే మొదలు. అత్తకు వాంతులు, విరేచనాలు. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే.

మా ఆయన నీళ్ల గ్లాసు నా చేతిలోంచి లాక్కున్నాడు. "తాగితే ఇంకా పోతాది."

పోయేదానికి లోపల ఇంకేముండాదని? తిరిగి లాక్కున్నా. ఉప్పు, చక్కెర కలిపి చెంచాతో పోసినా. నిలవలేదు. నన్ను గుర్తుపట్టలేదు అత్త... ఆటో పిలిచినా.

ఏప్రిల్ 14

ఆసుపత్రి. డాక్టరు అడిగినాడు — ఎప్పుడు వండినారు, ఎప్పుడు తిన్నారు?

"వండిన వెంటనే సార్. ఆ సాయిబు కుళ్లిన కోడి తెచ్చినాడు." బావ. కన్నతల్లి మంచం పక్కన నిలబడి!

నాకు ఒళ్లు మండింది. "కాదు సార్. మధ్యాన్నం వండింది, మూతేసి నాలుగు దాకా పెట్టినారు."

"అదమ్మా సంగతి. అంతసేపు గోరువెచ్చగా ఉంటే క్రిములు పెరుగుతాయి. వాసన కూడా రాదు. కొన్నిటి విషం మళ్లీ వేడి చేసినా పోదు."

బావ నన్ను చూసిన చూపు... చూడనీ.

ఏప్రిల్ 15

అత్త కళ్లు తెరిచింది. "నీళ్లు" అనింది.

ఏప్రిల్ 16

ఇంటికి తెచ్చుకున్నాము. వచ్చేసరికి ఊర్లో ఇంకో కత. మస్తానన్న మీద కేసు పెట్టినారంట. బావే రాయించినాడు. కింద సంతకాల్లో ఈయనది కూడా.

"పండగనాడు పక్కనే ఉంటివి కదా. మస్తానన్న మాట నీకు వినపడలేదా?"

"అన్నతో చెడి ఈ ఊర్లో ఎట్ల బతుకుదాం?"

"మరి మస్తానన్న ఎట్ల బతకాల?"

ఫోన్ చూసుకుంటా కూచున్నాడు. మస్తానన్న మా పెండ్లికి వండిన మనిషి!

సాయంత్రం మస్తానన్న భార్య వచ్చింది. వాకిట్లోనే నిలబడింది, రమ్మన్నా లోపలికి రాలేదు. "నువ్వు చూసినావు కదక్కా."

చూసినా.

ఏప్రిల్ 17

రేపు ఎస్సై నన్ను స్టేషనుకు రమ్మన్నాడు. ఏం జరిగిందో చెప్పాలంట.

"గుర్తులేదు అను," అన్నాడు ఈయన. "ఇంటి పరువు."

గుర్తులేదా! అత్త పక్కబట్టలు ఉతికిన చేతులు ఇవి...

అత్త మంచం మీద నుంచి అంతా వింటాండాది. పెద్దకొడుకంటే ప్రాణం ఆమెకు. మంచినీళ్లు ఇయ్యబోతే నా చెయ్యి పట్టుకొనింది. గట్టిగా. ఏమంటాదో అని వంగినా.

చెప్పమనా, చెప్పొద్దనా? చెయ్యి వదల్లేదు.