బొట్టు లేని కార్డు

పద్మోళ్లమ్మా... బాగున్నావా?

నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని నీకు తెలుసు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి. మన ఊరి బడిలో నాకు అబ్బింది ఇంతే. తప్పులుంటే ఏమీ అనుకోకు.

నువ్వు పోయి ఏడాది దాటింది. ఎదురుగా ఉన్నప్పుడే నీతో నాలుగు మాటలు మాట్లాడని వాణ్ణి. ఇప్పుడు ఉత్తరం రాస్తున్నానంటే కడుపు మండి రాస్తున్నాను.

పద్మ చదువుకునేటప్పుడు కొన్న కంప్యూటర్ గుర్తుంది కదా? పెళ్లయి మధిర పోతూ బిడ్డ అడిగినా నువ్వు ఇవ్వలేదు. మనవరాలికి చెవులు కుట్టించిన నాటి వీడియో అందులోనే ఉంది. దాని సీడీ ఎప్పుడో పగిలిపోయింది. నీ గొంతు ఇప్పుడు ఈ భూమ్మీద ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

అందులో నువ్వు అక్షింతల పళ్లెం పట్టుకుని నా వైపు తిరుగుతావు. "గోడకు కొట్టిన మేకు లెక్క నిలవడ్డవేందయ్యా? ఇటు రా, పిల్లను పట్టు. అది ఏడిస్తే ఏడ్వనియ్, నువ్వు మాత్రం ఏడ్వకు" అంటావు. రోజూ అన్నం తిన్నాక ఆ ముక్క చూసేవాణ్ణి.

మొన్న వానల్లో పిడుగు పడి కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా కాలిపోయింది. ఆటోలో పెట్టుకుని దమ్మపేటలో కంప్యూటర్ సెంటర్‌కు తీసుకుపోయాను. ఆ సెంటర్ పిల్లగాడు బాగుచేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వీడియో పెట్టాను. నువ్వు నా వైపు తిరిగావు... "నిలవడ్డవేందయ్యా" అన్నావు... తెర మీద రంగురంగుల గీతలు పడ్డాయి. తర్వాత తెరంతా నీలం, దాని మీద తెల్ల అక్షరాలు. అంతే, ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. "ఇటు రా" అనే మాట దాకా నువ్వు రావు.

పద్మ మధిర నుంచి ఫోన్‌లో చెబుతుంటే నేను నొక్కాను. బొమ్మ చూపించే కార్డును నడిపించే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుందట, డ్రైవర్ అంటారట. అది తీసేసి మళ్లీ వేశాను. కంప్యూటర్‌తో పాటు వచ్చిన పాత సీడీలోది వేశాను. పద్మ పంపిన కొత్తది వేశాను. సైకిల్ పంపుతో దుమ్ము కొట్టాను. వేడెక్కుతుందేమోనని మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. నువ్వు చూసి ఉంటే ఏమనేదానివి? "నాకు జెరమొచ్చినప్పుడు గింత సేవ చెయ్యకపోతివి" అనేదానివి కదూ?

మళ్లీ సెంటర్‌కు పోయాను. వాడు తలెత్తకుండానే, డ్రైవర్ ఖరాబయింది తాతా, ఫార్మాట్ కొట్టాలె, లోపల ఉన్నదంతా పోతది అన్నాడు. వీడియో ఉంది నాయనా అన్నాను. ముసలోడివి నీకు వీడియోలెందుకని నవ్వాడు. ఇంటిదారి పట్టాను.

ఇంతలో దసరా వచ్చింది. నువ్వు లేవని పనిముట్లకు బొట్టు పెట్టకుండా ఉంటానా? కొడవలికి, గొడ్డలికి, గడ్డపారకు పెట్టాను. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి నీ మాట గుర్తొచ్చింది. "పైన పెడితే ఏం లాభం? పని చేసేటివి కడుపుల ఉన్నయి" అని మూత విప్పించి, పద్మ మొత్తుకుంటున్నా వినకుండా లోపల ఒక్కోదానికీ బొట్టు పెట్టావు చూడు...

మూత తీశాను. ఫ్యాన్ నడుమ నీ బొట్టు ఉంది. పెద్ద పలక అంచున ఉంది. వీడియో దాచిన డబ్బా మీద ఉంది. బొమ్మ చూపించే కార్డు మీద లేదు.

ఫ్యాను పెట్టి సేవ చేసినన్నాళ్లూ అది నా కళ్లకు ఎందుకు ఆనలేదో...

డ్రైవర్ ఏం చేస్తుంది చెప్పు? దొంగ కార్డును అదెట్లా నడుపుతుంది? మన కార్డు పీకేసుకుని, ఏదో పాత కార్డు తగిలించాడు. పోయి అడిగితే, బొట్టు చూసి కార్డు గుర్తుపడతారా తాతా అని మళ్లీ నవ్వాడు.

నాకు మాటలు రావు. కూర్చోవడం వచ్చు. సంత రోజు వాడి షాపు ముందు గోనెసంచి పరిచి, మూత తీసిన కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. అడవి పల్లెల నుంచి చీపుర్లు, చింతపండు తెచ్చిన ఆడవాళ్లు వంగి చూశారు. నేను వేలు చూపించాను, అంతే. పనిముట్లకు బొట్టు పెట్టే మనుషులు, వాళ్లకు వేరే చెప్పాలా? ఒక ముసలమ్మ షాపు వైపు తిరిగి మెటికలు విరిచింది. రిపేరుకు వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు.

పొద్దుగూకేసరికి వాడే దిగొచ్చాడు. తన షాపులో ఆటలాడుకునే కంప్యూటర్ విప్పి కార్డు తీశాడు. దాని మీద నీ బొట్టు! నీ వేలి గీతలు కూడా కనబడుతున్నాయి. చెయ్యి చాపానో లేదో... స్పిరిట్‌లో దూది ముంచి తుడిచేశాడు. శుభ్రం చేసి ఇస్తున్న తాతా అన్నాడు.

ఇప్పుడు వీడియో చివరిదాకా వస్తోంది. తెర ఒక్కసారి కూడా ఆగలేదు. "నువ్వు మాత్రం ఏడ్వకు" అని రోజూ అంటున్నావు.

ఏడవడం లేదు. ప్రతి సంతకూ పోయి వాడి ముందు కూర్చుంటున్నాను. గిరాకీ పడిపోయింది. కొత్త కార్డు ఉత్తగనే ఇస్త, లేచిపో తాతా అని చేతులు జోడించాడు. పాపం, పిల్లలు గలోడు, చాలియ్ నాన్నా అని పద్మ కూడా అంటోంది. పాపం అనే మాట నాలో ఎంత వెతికినా దొరకడం లేదు. నువ్వు బొట్టుతోనే పోయావు. కాటికి పోయేటప్పుడు కూడా ఎవరూ తుడవని బొట్టు... వీడు తుడిచాడు. నా కళ్ల ముందే తుడిచాడు. ఎట్లా వదలమంటావు?

పద్మ చెబితే వినను. ఊరు చెబితే వినను. "చాల్లే, ఇంటికి రా" అని నువ్వొక్క ముక్క రాస్తే గోనెసంచి దులుపుకుని లేస్తాను. అందాకా వాడి షాపు ముందే ఉంటాను.

జల్దీ జవాబు రాయి.

నీ ఇంటాయన