ఎనిమిది పేజీలు ఎక్కువ

చోడవరం,
8-2-1995, బుధవారం.

మేరీ అక్కకు నీ చెల్లెలు జెరూషా ప్రభువు పేరిట వందనాలతో రాస్తున్నది. అమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్లీ నా మీద అరుస్తోంది కాబట్టి ఇక్కడ అందరం క్షేమమనే అనుకో. గాజువాకలో నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

నీ ఉత్తరం అందింది. స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, బుద్ధిమంతుడు, పందొమ్మిదో తారీకు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను చూడ్డానికి వస్తున్నాడు, ఈసారి వంక పెడితే నా గుమ్మం తొక్కొద్దు అని రాశావు. నీ గుమ్మం తొక్కకుండా నేను ఉండలేను. కానీ ఆయన్ని మాత్రం రావద్దని చెప్పు. కోపం తెచ్చుకునే ముందు కూర్చుని ఇది చివరిదాకా చదువు. అమ్మ ఎలాగూ నువ్వు ఊ అంటేనే ఊ అంటుంది.

నాకు ముప్పై ఒకటి. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు పెట్టి ఆరేళ్లు. కొట్టులో నేను చదవని ప్రేమ నవల లేదు. హీరో వానలో తడుస్తూ నిలబడితే నాకు జలుబు చేసేది. వాళ్లిద్దరూ విడిపోతే ఆ పూట అన్నం సయించేది కాదు. కానీ పెళ్లయి, తలుపు గడియ పడ్డాక వచ్చే పేజీలు మాత్రం బస్సుల టైంటేబులు చదివినట్టుండేవి. టైంటేబులైతే కనీసం అనకాపల్లి వెళ్లడానికి పనికొస్తుంది.

నాలో ఏదో తక్కువ అనుకున్నాను అక్కా. ఒకడి మీసం బాగులేదని, ఒకడి నవ్వు బాగులేదని నీకు చెప్పినవన్నీ ఉత్త వంకలే. ఒక వారపత్రికలో డాక్టరుగారి శీర్షికకు పేరు లేకుండా రాస్తే, పెళ్లయితే అదే సర్దుకుంటుందని జవాబు వేశారు. నా వంకలు విని నువ్వూ అదే అన్నావు. ఆ జవాబు చదివి, కొట్టు తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను.

మర్నాడే మైదా జిగురు కాచి, ప్రతి నవలలోనూ ఆ పేజీలు అంటించేశాను. సంఘం ఆడవాళ్లు తీసుకెళ్లే పుస్తకాలు కదా అని అమ్మకు చెప్పాను. చదివేవాళ్లు గగ్గోలు పెట్టారు. రిటైర్డు హెడ్మాస్టారు రమణమూర్తిగారైతే పుస్తకాన్ని గంజి గిన్నె ఆవిరి మీద పట్టి, ఆ పేజీలు విప్పుకుని చదివి, ముడతలు పడ్డ పుస్తకాన్ని ఏమీ ఎరగనట్టు తెచ్చిస్తారు. నేను మళ్లీ అంటిస్తాను.

రెండేళ్లుగా వస్తూ ఒక్క మాట కూడా అననిది ఒక్క మనిషి. చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరుకు బళ్లు తూచే గుమస్తా. వాళ్లది రోలుగుంట, మన సంఘం వాళ్లే. పేరు పరదేశి. నవ్వకు. నవలల్లో హీరోలకు ఇలాంటి పేర్లుండవని నాకూ తెలుసు.

పోయిన నెల అతను విశాఖ వెళ్లి ఒక కొత్త నవల కొనుక్కున్నాడు. మర్నాడు దాన్ని పట్టుకుని కొట్టుకొచ్చాడు. మొహం చిన్నబోయి ఉంది. ఇందులో ఎనిమిది పేజీలు ఎక్కువ పడిపోయేయండీ, అచ్చాఫీసోళ్లు ఏటో పొరపాటు చేసేరు, సూడండి అన్నాడు. అంతకుముందు అతను చదివినవన్నీ నా కొట్టు పుస్తకాలే. బైండింగు గట్టిగా ఉండడానికి అలా అంటిస్తారనుకున్నాడట. ప్రేమకథ పెళ్లి నుంచి తిన్నగా మర్నాటి కాఫీకి వెళ్తుందని, అచ్చం తనలాంటివాళ్ల కోసమే రాస్తారని సంబరపడ్డాడట.

ఇయ్యి లేకపోతే పేమ కాదేటండీ అని అడిగాడు. జిగురు డబ్బా తీసి, అతని ముందే ఆ ఎనిమిది పేజీలూ అంటించి ఇచ్చాను. అతని మొహం తేటపడింది. నా ప్రాణం కూడా కుదుటపడింది. పరదేశి అంటే నాకు చాలా ఇష్టం అక్కా.

మేమిద్దరం పెళ్లి చేసుకోవాలని నిర్ణయించుకున్నాం. రెండు మంచాలు, ఒక పుస్తకాల బీరువా. మేనత్తకు మంచానికి పూలు కట్టించే సరదా ఉంటే ఆ బీరువాకు కట్టించమను.

ఇట్లు,
నువ్వు తిట్టినా నీ చెల్లెలే,
జెరూషా.

తా.క. 11-2-95, శనివారం.

అన్ని పేజీలు అంటించినదాన్ని, ఈ కవరు మూడు రోజులుగా అంటించలేకపోయాను. పైన ఒక అబద్ధం ఉంది. మేమిద్దరం ఏమీ నిర్ణయించుకోలేదు. నేనొక్కదాన్నే నిర్ణయించుకున్నాను. ఆ సంగతి అప్పటికి పరదేశికి తెలియదు.

సోమవారం ఒక చీటీ రాశాను. ఆ పేజీలు నాకూ అక్కర్లేదు, మిగతా పుస్తకమంతా మీతో కలిసి చదవాలని ఉంది అని. సిగ్గేసి అతని పేరు గానీ నా పేరు గానీ వేయలేదు. అతను తీసుకెళ్లే నవలలో, ఆ పేజీల మధ్యే పెట్టి అంటించాను. చోడవరం మొత్తం మీద ఆ పేజీలు విప్పని మనిషి అతనొక్కడే అని నా మట్టిబుర్రకు తట్టలేదు.

గురువారం పుస్తకం భద్రంగా తిరిగొచ్చింది. బాగుందండీ అని చెప్పి వెళ్లిపోయాడు. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకునేలోపు రమణమూర్తిగారు ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుపోయారు.

నిన్న పొద్దున్నే చీటీ పట్టుకొచ్చారు. ఏటమ్మా ఇది, నాకా అన్నారు. నా మొహం చూసి ఆయనే మళ్లీ, అరవయ్యెనిమిదేళ్లోడిని, పైగా నేను పుస్తకాలు తీసుకెళ్లేదే ఆ పేజీల కోసం, ఇది నాకైతే కాదు, ఎవరికో సెప్పు, ఇచ్చొస్తాను అన్నారు. రిజిస్టరులో ఆ పుస్తకానికి ఎదురుగా ఉన్న పరదేశి పేరు వేలితో చూపించాను. సైకిలెక్కి ఫ్యాక్టరీకి వెళ్లి, కాటా దగ్గర చెరుకు బళ్ల వాళ్లందరి ముందూ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారట. కాబట్టి అమ్మకు ఎలా చెప్పాలా అనే బెంగ నీకు లేదు. ఊరంతా చెప్పేసింది.

ఇవాళ పరదేశి వచ్చాడు. చీటీ చేతిలోనే ఉంది. తలెత్తకుండా నిలబడి, మీ కొట్లో అరవై రెండు పుస్తకాలు సదివేనండి, ఒక్కదాన్లోనూ ఆ పేజీలు విప్పలేదు, ఏదీ తక్కువనిపించలేదు, తూకం సరిపోయింది అన్నాడు.

క్రేన్ ఆపరేటరుకి చెప్పెయ్యి. పందొమ్మిదో తారీకు నువ్వు మాత్రం రా. కవరు అంటిస్తున్నాను.