బ్యాండు ఆగాక

తాతయ్యా,

పెళ్ళికొడుకు నచ్చకే నేను ఏనుగు వంక పెడుతున్నానని మనింట్లో తేల్చేశారు. "అబ్బాయి నచ్చకపోతే సూటిగా చెప్పవే, మధ్యలో ఏనుగేం చేసింది?" అంటోంది అమ్మ. అబ్బాయి నచ్చాడు. నచ్చనిది అతని ఊరేగింపుకి నాన్న అద్దెకి మాట్లాడుతున్న ఏనుగు. నువ్విక లేవని, ఇది చదవవని తెలిసినా నీకే చెప్పాలి.

నిన్న ఆ ఏనుగు గుడివాడలో ఎవరి పెళ్ళికో వస్తే చూడ్డానికి వెళ్ళాం. కల్యాణమండపం పక్కన, కాలికి గొలుసుతో, ఒకేచోట నిలబడి అటూ ఇటూ ఊగుతోంది.

"చూడవే, బ్యాండుకి ఎలా ఆడుతోందో!" అని నాన్న మురిసిపోయాడు. చిన్నప్పుడు మోపిదేవిలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని, అక్కడి ఏనుగుని చూపించి నువ్వూ అదే మాట అన్నావు. నేనూ దానితోపాటు ఊగాను.

అంతలో బ్యాండువాళ్ళు టీకి ఆగారు. ఏనుగు ఆగలేదు. అదే ఊపు, అదే వరస.

"ఇప్పుడు దేనికి ఆడుతోంది నాన్నా?"

"అలవాటైపోయుంటుందిలే. మగపెళ్ళివారి ముందు నా పరువు తియ్యకు."

కాలేజీ రోజుల్లో ఏనుగుల సంరక్షణ కేంద్రం ఒకటి చూశాను. అక్కడ గడ్డిని వలల్లో కట్టి ఎత్తున వేలాడదీస్తారు. ఏనుగులు తొండం చాచి, తంటాలు పడి లాక్కుంటాయి. దుంగలు దొర్లిస్తాయి, ఒంటి మీద మట్టి జల్లుకుంటాయి. చేయడానికి ఏ పనీ లేక విసిగిపోయిన ఏనుగు అలా ఊగుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. విన్నాను గాని, మోపిదేవి ఏనుగు మాత్రం నాకు నిన్నటిదాకా ఆడుతూనే ఉంది.

పెళ్ళికొడుక్కి ఫోన్ చేసి చెప్పేశాను. ఏనుగు వస్తే నేను పీటల మీద కూర్చోను.