సహజమైన విరామం

సర్బిటన్,
మార్చి 3, 1965.

చిరంజీవి జిలియన్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. నీకు నెలలు నిండుతున్నాయి, బరువులెత్తకు.

నీ ఉత్తరం చేరింది. అమ్మ ఆఖరి మాట ఏమిటని మళ్లీ అడిగావు. పుట్టబోయే బిడ్డకు చెప్పుకోవాలన్నావు. నువ్వు లీడ్స్‌లో నర్సు చదువులో ఉండగా అమ్మ నిద్రలోనే పోయిందని ఆనాడే రాశాను కదా.

శుక్రవారం నా పదవీ విరమణ అయింది. ప్రకటనల టెలివిజన్ పుట్టిన రోజు నుంచీ దానికి కాపలా కాసినవాణ్ణి నేనేనని మా నియంత్రణ సంస్థ ఛైర్మన్‌గారు పొగిడారు. గంటకు సగటున ఆరు నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అవి కూడా కార్యక్రమంలో సహజంగా విరామం వచ్చే చోటే రావాలి. ఏది సహజమో తేల్చేవాణ్ణి నేను. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడినని మా నాన్న అనేవాడు గానీ, టెలివిజన్ కంపెనీలవాళ్లు నన్ను చూస్తే హడలేవారు. వాళ్లలో పిన్నాక్ అనే ఆయన గ్లాసెత్తి, ఈయన తన పెళ్లిలో పాదిరిగారి ప్రసంగానిక్కూడా గడియారం పట్టుంటాడు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి రెండేళ్లు మన ముందుగదిలో టెలివిజన్ ఎదురుగానే నాకు సగం ఆఫీసు. చేతిలో స్టాప్‌వాచీ, మోకాలి మీద ప్రకటనల నిడివి రాసుకునే ఫారం. ఈ మనిషితో మాట్లాడాలంటే నేనూ ఆ పెట్టెలో దూరాలి కాబోలు అని అమ్మ వేళాకోళం చేసేది.

ఉద్యోగం అయిపోయిందన్న సంతోషం గానీ దిగులు గానీ ఏమీ తెలియడం లేదు. అమ్మ పోయినప్పటి నుంచీ ఇంతే. ఏడుపు కూడా రాలేదు.

అల్లుడిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నాన్న

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. అమ్మ నిద్రలో పోలేదు. ఆ శనివారం సాయంత్రం మేడమీద మంచంలోంచి నన్ను కేకేసింది. ప్రకటనలు అప్పుడే మొదలయ్యాయి. ఇవి అయ్యాక వస్తానుండు అన్నాను. ఇంకోసారి ఏదో గట్టిగా అంది. రెండు నిమిషాల పది సెకన్లకు అయిపోయాయి. ఆ అంకె ఫారంలో వేసి పైకి వెళ్లాను. అప్పటికే పోయింది. నీ పేరే అందో, నా పేరే అందో, నొప్పి అందో నాకు తెలియదమ్మా. ఆ మాట అన్నప్పుడు కింద నా ఎదుట సబ్బు ప్రకటన పాట మోగుతోంది. ఆ పాట మాత్రం ఈనాటికీ పొల్లుపోకుండా వచ్చు.